బందెలదొడ్డి వారి పెళ్ళి

జ్యేష్ఠం, మంగళవారం

నాకు ఏదైనా అర్థం కాకపోతే రాసుకుంటాను. రాస్తే అర్థమవుతుందని కాదు. కనీసం ఎక్కడిదాకా అర్థమైందో, ఎక్కడి నుంచి బుర్ర తిరగడం మొదలైందో తెలుస్తుంది.

పొద్దున్న వెనక గోడకి సున్నం పట్టించాను. నూకరాజు సముద్రంలో నిలబడ్డ స్తంభాల కాళ్ళకి పట్టిన గుల్లలు గీకి, బస్తాల్లో తెస్తాడు. అదే అతని పని. వాటిని నేను బట్టీలో కాల్చి, చల్లార్చి, బెల్లం నీళ్ళూ కరక్కాయ నీళ్ళూ పోసి రుబ్బుతాను. అది నా పని. పాతపేటలో ఏ గోడకైనా ఈ గుల్లసున్నమే పూయాలి. సిమెంటు చెంచాడు కనబడినా కరణం ఊరుకోదు.

కరణం అంటే మనిషి కాదు. ప్రతి వాకిలి మీదా గుండీ అంత కన్ను ఒకటి ఉంటుంది, పేటంతటికీ కలిపి బుర్ర ఒకటే. పాత కట్టడాల్ని కాపాడమని వారసత్వ సభ వాళ్ళు దాన్ని పెట్టారు. దానికి వాళ్ళు సంస్కృతంలో పొడుగాటి పేరేదో పెట్టారు కానీ ఎవరికీ నోరు తిరగదు. అన్నీ కొలుస్తుంది, అన్నీ రాసుకుంటుంది, ఒకసారి రాసుకున్నది చస్తే మార్చదు. అందుకని మేం కరణం అంటాం.

తాపీ కడుక్కుంటూ ఉంటే అది మాట్లాడింది.

"కందుల దమయంతి గారూ, గోడ త్వరగా ఆరకుండా తడి గోనెలు కప్పగలరు."

నేను వెనక్కి తిరిగి చూశాను, ఎవరైనా వచ్చారేమోనని. ఎవరూ లేరు. నా పేరు దోనె దమయంతి.

"నాను కందులదాన్ని కాదు. ఇంటాయన కందులోరు. నాను అద్దెకున్నదాన్ని" అన్నాను.

"ఈ ఇంటి పేరు కందుల. మీరు ఈ ఇంట్లో ఉన్నారు" అంది కరణం, పసిపిల్లకి ఎక్కాలు చెప్పినట్టు.

అప్పుడు గుర్తొచ్చింది. వైశాఖంలో అది ప్రతి వాకిట్లోనూ ఒకే ప్రశ్న అడిగింది. "ఇంటి పేరు ఏమిటి?" అని. ఇళ్ళకి పేర్లు పెట్టి పాలరాతి మీద చెక్కించుకునే అలవాటు మా పేటలో ఎవరికీ లేదు. ఇంటిపేరు అంటే మాకు ఇంటిపేరే. ఎదురింటి భానోజీ మాస్టారు "వంకాయల" అన్నారు. మూలింటి వాళ్ళు "పిల్లి" అన్నారు. మా వాకిట్లో నేను ఉన్నాను కనక, ఇల్లు నాది కాదు కనక, ఇంటి యజమాని కందుల గవర్రాజు గారిది చెప్పాను. ఆయన ఇక్కడ ఉండరు, నీళ్ళ అవతల స్తంభాల మీద కట్టిన కొత్త ఊళ్ళో ఉంటారు. మేడమీద గదిలో నేను, కింద గదిలో నూకరాజు.

సాయంత్రం నూకరాజు వచ్చేసరికి అతన్ని కూడా "కందుల నూకరాజు గారూ, తడి కాళ్ళతో చెక్క గుమ్మం తొక్కరాదు" అంది. మేమిద్దరం పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం.

"కందులోరి అల్లుణ్ణి అయిపోనాను" అన్నాడు.

శ్రావణంలో మా పెళ్ళి.

జ్యేష్ఠం, శుక్రవారం

నవ్వు ఆగింది.

పెళ్ళి నమోదుకి పేట మొదట్లో ఉన్న సభ మంటపానికి వెళ్ళాం. అక్కడ కూడా కరణమే.

"కందుల దమయంతి, కందుల నూకరాజు. ఒకే ఇంటిపేరు. నమోదు సాధ్యం కాదు."

"ఏటి, ఎందుకు సాధ్యం కాదు?" అన్నాడు నూకరాజు.

"ఒకే ఇంటిపేరు గలవారు అన్నాచెల్లెళ్ళ వరస. పెళ్ళాడరు. ఇది పేట ఆచారం. ఆచారము సైతము రక్షితము."

ఇది కూడా మా వాళ్ళ నిర్వాకమే. కట్టడాలతో పాటు అలవాట్లనీ కాపాడతామని సభ వాళ్ళు అన్నప్పుడు పెద్దలంతా అరుగుల మీద కూచుని తోచినవన్నీ కరణానికి చెప్పారు. పొయ్యి ఏ దిక్కుకుండాలో చెప్పారు, గుమ్మానికి పసుపు ఏ రోజు రాయాలో చెప్పారు, ఎవరు ఎవర్ని చేసుకోకూడదో చెప్పారు. అన్నీ రాసుకుంది.

"నా ఇంటిపేరు బత్తుల. ఈవిడిది దోనె" అన్నాడు నూకరాజు.

"బత్తుల వారి ఇల్లు పేటలో లేదు. దోనె వారి ఇల్లు పేటలో లేదు. లేని ఇంటికి పేరు ఉండదు."

లేకపోవడం నిజమే. ఆ రెండిళ్ళూ ఇప్పుడు సముద్రంలో ఉన్నాయి. నూకరాజు స్తంభాల దగ్గర మునిగినప్పుడు ఒక్కోసారి మా మండువా రాళ్ళు కనిపిస్తాయని చెబుతాడు. నిజమో, నన్ను సంతోషపెట్టడానికి చెబుతాడో నేను ఎప్పుడూ అడగలేదు.

ఇంటి దగ్గరికొచ్చాక అతను ఎందుకో నాకు కొంచెం ఎడంగా నడిచాడు. ఒళ్ళు మండిపోయింది.

"ఏటా ఎడం? నిజంగా సెల్లినేటి నీకు?"

"కాదే. ఆ కన్ను సూస్తన్నాది."

ఆషాఢం, సోమవారం

సభలో మనుషులు కూడా ఉంటారు. మా పేట చూసేది తిలోత్తమ గారు. మంచావిడ. చాప వేసి కూచోబెట్టి మజ్జిగ ఇచ్చారు. సగం విన్నాక నవ్వు ఆపుకోలేకపోయారు, మొత్తం విన్నాక మాత్రం నవ్వలేదు.

"తప్పు పడింది, నిజమే. దిద్దొచ్చు కూడా. కానీ అమ్మా, పేరు తప్పని మనమే ఒప్పుకుంటే ఆ పేరుతో ఇచ్చిన రక్షణ మొత్తం రద్దవుతుంది. ఇంటిని మళ్ళీ మొదటి నుంచి కొలిచి, మళ్ళీ జాబితాలో చేర్చాలి. ఈలోగా అది మామూలు ఇల్లు."

"మామూలు ఇల్లయితే ఏటవుతాది?"

"మీ ఇంటాయన ఏం చేసినా ఆపేవాళ్ళుండరు. ఆ స్థలంలో కొత్త స్తంభానికి కాలు దించుతామని ఇప్పటికే ఆయన్ని అడిగినవాళ్ళున్నారు."

"పేరు దిద్దకపోతే?"

"ఇల్లుంటుంది. పెళ్ళి ఉండదు."

నేను మజ్జిగ గ్లాసు కింద పెట్టేశాను. ఆవిడ నా మొహం చూసి గొంతు తగ్గించారు.

"ఇంకో దారుంది. ఇద్దర్లో ఒకరు పేటలోనే వేరే ఇంటికి మారండి. అప్పుడు ఇంటిపేర్లు వేరవుతాయి, పెళ్ళి నమోదవుతుంది. పనికి నీళ్ళ మీదికి వెళ్ళిరావడం వేరు కానీ, ఉంటున్న ఇల్లు వదిలి పేట దాటకండి. అలా హద్దు దాటితే పేరు అసలే ఉండదు. పేరు లేనివాళ్ళకి కరణం పెళ్ళీ చెయ్యదు, తిరిగి లోపలికీ రానివ్వదు."

ఇంటికొచ్చి చాలాసేపు మెట్ల మీద కూచున్నాను. నాకు ఈ మనిషి కావాలి. ఈ ఇల్లూ కావాలి. సముద్రం ఒక ఇంటిని తినేశాక, చేత్తో తడిమి ఏ ఇటక ఎక్కడుందో చెప్పగలిగిన ఇల్లు నాకు ఇదొక్కటే మిగిలింది. రెండూ కావాలనుకోవడం అత్యాశా? ఏమో. ఒకదాని కోసం ఒకటి వదులుకోమంటే ఏది వదలాలో నాకు తెలియడం లేదు.

నూకరాజు తేల్చేశాడు. "నాను మారతానులే. నాలుగు రోజులు ఏ కొట్టుగదిలోనో తలదాచుకుంటే సరిపోద్ది. పెళ్ళయినాక తిరిగొచ్చీగలను."

"అప్పుడు నువ్వు ఇల్లరికం వచ్చినట్టు" అన్నాను, ఉడికిద్దామని.

"అద్దింటికి ఇల్లరికం ఎల్లినోణ్ణి నానొక్కణ్ణే గావాల" అన్నాడు. కోపం రాలేదు. మొగాళ్ళలో ఇది అరుదు.

ఆషాఢం, ఆదివారం

పేటలో ఇళ్ళు నలభై. ప్రతి గోడకీ నా చేతి సున్నమే. ఖాళీ గది లేని ఇల్లు లేదు, పిల్లలంతా స్తంభాలెక్కేశారు. గది దొరకడమెంత పని అనుకున్నాం.

మూలింటి వాళ్ళు గదిలో పిల్లులు ఈనాయన్నారు. ఇంటి పేరు పిల్లి కనక వాళ్ళింట్లో పిల్లుల్ని తోలకూడదని కరణం ఉత్తర్వు ఇచ్చిన మాట నిజమే కానీ, అంత పెద్ద గదినిండా ఈనే పిల్లుల్ని నేను ఎక్కడా చూడలేదు. ఆ పక్కింటావిడ "మా అత్తగారు ఒప్పుకోదు" అంది. అత్తగారు వసారాలోనే కూచుని "నా కోడలు ఒప్పుకోదు" అంది. ఒకాయన తలుపే తియ్యలేదు. లోపల దగ్గు వినిపిస్తూనే ఉంది.

మొదట్లో నాకు నిజంగా అర్థం కాలేదు. పోయినేడు వరకూ ఇదే నూకరాజుని "మా కొట్టులో ఉండు బావూ, ఇంటికి కాపలాగా ఉంటావు" అని పిలిచినవాళ్ళే వీళ్ళు.

చివరికి భానోజీ మాస్టారి దగ్గరికి వెళ్ళాం. నాకు అక్షరాలు నేర్పిన మనిషి. ఆయన అబద్ధమాడలేరు, అందుకే ఆ నిజం తిన్నగా మొహం మీద పడింది.

"నాయనా, నీకు గది ఇవ్వడానికి నాకేం అభ్యంతరం లేదు. వంద గదులివ్వమన్నా ఇస్తాను. కానీ గదితో పాటు మా పేరు కూడా నీకు వచ్చేస్తుందే! రేపు నిన్ను అందరూ వంకాయల నూకరాజు అంటారు. మా వాళ్ళేమనుకుంటారు? ఎవరు, ఏమిటి అని అడగరూ?"

"అడిగితే బత్తులోరి నూకరాజని సెప్పండి మాస్టారూ" అన్నాడు నూకరాజు మెల్లిగా.

"అదే కదా నాయనా చెప్పలేను."

ఆయన నొచ్చుకుంటూనే అన్నారు. నొచ్చుకుంటూ అన్నంత మాత్రాన ఆ మాట మెత్తబడలేదు. గది ఇస్తారు, పేరు ఇవ్వరు. ఇన్నాళ్ళూ మేం ఎవరో ఏమిటో వీళ్ళకి తెలిసే మా చేత సున్నం కొట్టించుకున్నారు. ఎంత దూరంలో ఉంచాలో అంత దూరంలో ఉంచారు. నాకు ఏడుపొచ్చింది, కానీ ఆయన ఎదట ఏడవదలుచుకోలేదు.

తిరిగొస్తూ నూకరాజు ఒక్కటే మాట అన్నాడు. "నీటికాడ నయమే. ఏ స్తంభం కాలూ నన్ను నువ్వెవరని అడగదు."

ఆషాఢం, గురువారం

గవర్రాజు గారు వచ్చారు. ఆయన పేట గడప తొక్కి ఏళ్ళయింది, ఇంటి యజమాని కనక కరణం రానిచ్చింది. పట్టు కండువా వేసుకుని, చెమటలు కక్కుకుంటూ, పడవ దిగి నేరుగా మా వాకిట్లోకి వచ్చి నిలబడ్డారు.

"మీరిద్దరూ నా పేరు దొబ్బీసినారు!" అన్నారు.

ఆయన గోల ఇది. రక్షిత పేరు పేట హద్దు దాటి వాడకూడదు కనక, స్తంభాల మీద ఆయన పేరు ముందు కందుల చెరిగిపోయింది. ఆ చోటు ఖాళీగా ఉంటోంది. అక్కడి యంత్రాలు దాన్ని ఉన్నది ఉన్నట్టు చదువుతున్నాయి. ఆస్పత్రిలో "ఖాళీ గవర్రాజు" అని పిలిచారట, నలుగురూ తిరిగి చూశారట.

"మా తాతల కాడి నుంచి కందులోళ్ళం. ఇప్పుడు నాను ఖాళీ, మీరు కందులోళ్ళా? ఎక్కడి నాయం?"

"మాకేటి సరదానా బావూ? మీ పేరు ఒల్లకే కదా సస్తన్నాం. ఉంచుకోండి" అన్నాను.

"అయితే ఆ పేరు సెప్పింది నువ్వే కదా, తప్పు పడిందని సభలో సెప్పు. పేరు దిద్దీమను. నా పేరు నాకొచ్చీసిద్ది, మీ పెళ్ళయిపోద్ది."

"ఇల్లు?"

ఆయన చూపు పక్కకి తిప్పుకున్నారు. "ఇల్లు నాది. దాని సంగతి నాను సూసుకుంటాను."

అంటే స్తంభం కాలు నా బట్టీ మీదే దిగుతుందన్నమాట. నేను ఒల్లనన్నాను. ఆయన గొంతు పెంచారు. నేనూ పెంచాను. వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చింది. నూకరాజు మధ్యకి వచ్చి "పెద్దోరు, అరవకండి, కూకోండి, మంచినీళ్ళు తాగండి" అని చెంబు అందించాడు. అదే ఆయనకి పుండు మీద కారం చల్లినట్టయింది. చెంబు తోసేసి, గుమ్మం మీది కన్ను వైపు తిరిగి వేలెత్తి అరిచారు.

"ఓయ్ కరణం! ఈడు ఎవడో దారితప్పినోడు నా ఇంట్లో పడి మేస్తన్నాడు! తోలీ! బయటికి తోలీ!"

గుమ్మం మీది కన్ను పలికింది.

"ఫిర్యాదు నమోదైంది. దారి తప్పిన జీవం పరాయి ఆవరణలో పడి మేయుట. పేట పాత కట్టుబాటు ప్రకారం బందెలదొడ్డికి తరలించబడును."

మాకెవరికీ ఏమీ బోధపడలేదు. గవర్రాజు గారికి కూడా. గోడలు కొలిచే చక్రాల బండ్లు నాలుగు వీధి చివరి నుంచి దొర్లుకుంటూ వచ్చి నూకరాజు చుట్టూ నిలబడేదాకా ఎవరం కదల్లేదు.

ఆషాఢం, శుక్రవారం

బందెలదొడ్డి పేట చివర ఉంది. పూర్వం పరాయి చేలల్లో పడిన పశువుల్ని తోలుకొచ్చి పెట్టే చోటు. సొంతదారు వచ్చి విడిపించుకునేదాకా అక్కడే ఉండేవి. నాలుగు రాతి గోడలు, పైకప్పు లేదు, గుండెల ఎత్తు చెక్క తలుపు. అది కూడా రక్షిత కట్టడమే. జనానికి పనికొచ్చేవాటి కంటే ఇలాంటివే గట్టిగా నిలబడతాయి.

నూకరాజు ఒక రాయి మీద కూచుని ఉన్నాడు. నేను అన్నం తీసుకెళ్ళాను.

"గోడ దూకీసి వచ్చీ" అన్నాను.

"దూకితే హద్దు అవతలికే. పేరుండదు, తిరిగి రానివ్వదు. తిలోత్తమ గారు సెప్పలేదేటి?"

తిలోత్తమ గారు నా వెనకే పరుగులాంటి నడకతో వచ్చారు. నేను ఆవిడ మీద అరిచాను. మంచావిడ అని తెలిసీ అరిచాను. మనిషిని గొడ్డుని తోలినట్టు తోలతారా, ఆ కంటికి కనబడదు సరే, మీకు కళ్ళు లేవా?

"సభ శ్రావణం వెళ్ళాక గానీ సమావేశం కాదు, అందాకా దాని ఉత్తర్వు ఆపే అధికారం నాకు లేదమ్మా" అన్నారావిడ, మొహం చెల్లక. "మనిషికీ గొడ్డుకీ తేడా చెప్పే నిబంధన ఏదీ మేం రాయలేదు. అవసరం పడుతుందని ఎవరం అనుకోలేదు."

"ఎవరూ విడిపించకపోతే?"

"పొద్దు గూకేలోగా సొంతదారు రాకపోతే హద్దు బయటికి తోలేస్తుంది."

తలుపు చెక్క పట్టుకుని నిలబడ్డాను. అంతలో తలుపు మీది కన్ను పలికింది.

"బందెలదొడ్డి నూకరాజు గారూ, రాతి మీద అన్నం మెతుకులు పడవేయరాదు."

ముగ్గురం ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకున్నాం.

"ఏటన్నాది?" అన్నాను.

"ఈ కట్టడం పేరు బందెలదొడ్డి. ఆయన ఈ కట్టడంలో ఉన్నారు" అంది కరణం, అదే ఎక్కాల గొంతుతో.

నూకరాజు లేచి నిలబడ్డాడు. అతని మొహంలో నవ్వూ ఏడుపూ కానిదేదో ఒకటి కదిలింది.

"మనిషిగా అడిగితే నలభై ఇళ్ళూ ఒల్లన్నాయే" అన్నాడు. "గొడ్డుగా వస్తే ఇది పేరిచ్చీసింది."

తిలోత్తమ గారు కళ్ళు తుడుచుకుని, గొంతు సవరించుకుని, అధికారి గొంతుతో అడిగారు. "కరణం! కందుల దమయంతికీ, బందెలదొడ్డి నూకరాజుకీ పెళ్ళి నమోదు చెయ్యడానికి ఆటంకం ఉందా?"

"ఇంటిపేర్లు వేరు. ఆటంకం లేదు."

"ఆషాఢంలో పెళ్ళేటండీ?" అన్నాను నేను. ఎవరి తిక్క వాళ్ళది.

"మీ పెద్దలు అరుగుల మీద ఆ ఆచారం చెప్పడం మర్చిపోయారు. చెప్పి ఉంటే అది ఇప్పుడు అడ్డుపడేది. బేగి వెళ్ళి జీలకర్రా బెల్లం పట్టుకురా" అన్నారు. పట్నం ఆవిడ నోట "బేగి" వినడం నాకు అదే మొదలు.

జీలకర్రకి ఇంటికి పరిగెత్తాను. బెల్లం బట్టీ దగ్గరే ఉంది, సున్నంలో కలిపేదే. చీర మార్చుకోలేదు. తిరిగొచ్చేసరికి దొడ్డి ముందు పేటంతా ఉంది. భానోజీ మాస్టారు ఉన్నారు, పిల్లి వారు ఉన్నారు, పడవ దొరకక ఆగిపోయిన గవర్రాజు గారూ ఉన్నారు.

పెళ్ళిలో వధూవరుల మధ్య తెర పడతారు కదా. మాకు ఆ దొడ్డి తలుపే తెర. నేను వీధిలో, అతను లోపల. నేను అటు వెళ్ళకూడదు, వెళ్తే నేనూ బందెలదొడ్డినే, మళ్ళీ అన్నాచెల్లెళ్ళమైపోతాం. అతను ఇటు రాకూడదు. తలుపు మీదుగా చేతులు చాపి ఒకళ్ళ నెత్తిన ఒకళ్ళం జీలకర్రా బెల్లం పెట్టుకున్నాం. అతని జుట్టులో ఇంకా గుల్లల పొడి ఉంది.

"నమోదైంది" అంది కరణం. "ఆచారం ప్రకారం భార్య భర్త ఇంటిపేరు వహించును. బందెలదొడ్డి దమయంతి."

"హమ్మయ్య. తలుపు తియ్యి" అన్నాను.

"పెళ్ళి వేరు, విడుదల వేరు. జీవం ఎవరిదో తేలాలి. సొంతదారు బయట నిలబడి పిలవాలి. పిలిచినవారు సొంతదారు. పిలుపు గుర్తుపట్టి వచ్చినది వారి జీవం. ఇది కట్టుబాటు."

పొద్దు స్తంభాల వెనక్కి దిగిపోతోంది. నేను గబగబా "రాజూ, రా!" అన్నాను.

అతను కదల్లేదు.

"రా! వినపడలేదేటి?"

"ఇనపడింది." అతను తలెత్తి నన్ను కాదు, నా వెనక నిలబడ్డ జనాన్ని చూశాడు. "ఒల్లను. నాను రానే. ఆ ఇళ్ళ ముందు పేరు కోసం తిరిగినాను, సిగ్గు పడలేదు. ఇక్కడికి తోలితే వచ్చినాను. ఇప్పుడు ఈళ్ళందరూ సూస్తండగా పిలిస్తే తోకాడించుకుంటూ వచ్చీసినానంటే, ఆ కరణం రాసుకున్నది నిజమైపోద్ది. నాను గొడ్డుని కాను."

నాకు చెడ్డ కోపం వచ్చింది. పొద్దు గూకుతోంది, ఇప్పుడా పౌరుషం? అరుద్దామని నోరు తెరిచాను. అతని మొహం చూశాక అరవలేకపోయాను. ఇన్ని రోజుల్లో అతను ఒక్కసారి "ఒల్లను" అన్నాడు, అది ఇప్పుడే. ఆ ఒక్కటి కూడా నేను లాక్కుంటే అతనికి ఏం మిగులుతుంది?

"సరే. నువ్వు రావద్దు" అన్నాను. "నువ్వే నన్ను పిలు."

"ఏటి?"

"నన్ను పిలు. నానొస్తాను. నాకేటి సిగ్గు?"

అతను నా వైపు తిరిగాడు. తరవాత, పొద్దున్న బస్తా దించుకోడానికి సాయం పిలిచే గొంతుతోనే, "దమయంతీ, ఇలగ రా" అన్నాడు.

నేను వెళ్ళాను. తలుపుకి ఆనుకుని నిలబడ్డాను. జనంలో ఎవరో ముక్కు చీదారు.

కరణం ఊరుకుంది. పేటలోని నలభై కళ్ళకీ ఒకేసారి నోట మాట పోయినట్టుంది.

"పిలిచినవారు బందెలదొడ్డి నూకరాజు" అంది చివరికి. "కావున ఆయన సొంతదారు. సొంతదారులను దొడ్డిలో ఉంచే నిబంధన లేదు."

గడియ దానంతట అదే పడిపోయింది. అతను తలుపు తోసుకుని, ఎవరూ పిలవకుండా, తన కాళ్ళతో తను నడిచి బయటికి వచ్చాడు.

"మరి ఇప్పుడు ఈళ్ళు ఉండేదెక్కడ?" అని గవర్రాజు గారు అందుకున్నారు. "ఇద్దరూ బందెలదొడ్డోళ్ళు! నా ఇంట్లో కందులోళ్ళు ఎవలూ లేరు! ఇల్లు ఖాళీయే కదా!"

"ఇంట్లో ఉన్నవారు ఇంటి పేరు వహించవలెను. భార్య భర్త పేరు వహించవలెను. రెండు నిబంధనలూ రక్షితములు" అంది కరణం. మళ్ళీ ఆగింది. "సభ తేల్చే వరకు యథాతథ స్థితి. ఎవరు ఏ ఇంట నివసిస్తున్నారో అక్కడే ఉండవలెను. ఏ కట్టడమూ ఖాళీ చేయరాదు, కూల్చరాదు."

అంటే మా ఇద్దరికీ ఇప్పుడు ఏ పేరో నాకు తెలియదు. కరణానికీ తెలియదు. ఇల్లు మాత్రం ఉంటుంది, మేం అందులో ఉంటాం. గవర్రాజు గారు ఏదో అనబోయి, ఈసారి ఆ కన్ను వంక చూసి, నోరు మూసుకున్నారు.

జనం మెల్లిగా కదిలారు. భానోజీ మాస్టారు మా దగ్గరికొచ్చి, కళ్ళద్దాలు తుడుచుకుంటూ, "రాత్రికి మా ఇంటికి భోజనానికి రండమ్మా, ఇద్దరూ" అన్నారు.

"వస్తే పేరు అంటుకుంటాదేమో మాస్టారూ. సూసుకోండి" అన్నాను.

ఆయన తల దించుకున్నారు. అన్నందుకు నాకు బాధా లేదు, సంతోషమూ లేదు.

తిలోత్తమ గారు చేతిలోని పలక మీద కరణం రాసుకున్నదంతా చదువుతూ వచ్చి ఆగిపోయారు. "అయ్యో, ఇంకో తప్పు పడిందమ్మా. వచ్చినది వారి జీవం అన్న కట్టుబాటు ఉంది కదా, నువ్వు వెళ్ళావు కదా. నీ పేరు ఎదురుగా ఏం రాసిందో చూడు. 'బందెలదొడ్డి నూకరాజు జీవం' అని రాసింది. పశువన్న అర్థంలో. ఇప్పుడే దిద్దించేస్తాను."

నేను పలక తీసుకుని చదివాను. నూకరాజు నా భుజం మీదుగా చదివాడు. అతను నవ్వలేదు.

"వద్దండి" అన్నాను. "ఇదొక్కటి సరిగ్గా పడింది. ఉండనివ్వండి."